మనిషి వెచ్చగా, వేలు చల్లగా

వేలు తెగి కింద పడింది. పడిన ఆ వేలు ఆ క్షణంలో బతికి ఉన్నట్టా, చచ్చిపోయినట్టా?

తరగతిలో ఈ ప్రశ్న వేస్తే సగం మంది "చచ్చిపోయినట్టే సార్" అంటారు. తక్కినవాళ్ళు బల్లి తోకను సాక్ష్యానికి పిలుస్తారు. తెగిపడిన తోక కాసేపు గిలగిల కొట్టుకుంటుంది కదా, అలాగే వేలు కూడా కాసేపు బతికే ఉంటుందని వాళ్ళ వాదన. ఈ వాదనే గెలుస్తుంది. వేలు తోకలా కదలదు గాని, అందులోని చర్మకణాలూ, ఎముక కణాలూ, రక్తనాళాల గోడల్లోని కణాలూ ఇంకా పని చేస్తూనే ఉంటాయి. కాకపోతే వాటికి సరఫరా ఆగిపోయింది. శత్రువులు చుట్టుముట్టిన కోటలో జనం గాదెల్లోని ధాన్యంతో ఎన్నాళ్ళు నెట్టుకురాగలరో అన్నాళ్ళే కోట నిలుస్తుంది. తెగిన వేలి సంగతీ అంతే. ఆ గడువు ఎంత? దాన్ని పొడిగించవచ్చునా?

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని నెమలి లాంటి ఊరికి ఇది పరీక్షపత్రంలోని ప్రశ్న కాదు. గడ్డి కోసే యంత్రం, చెరకు రసం తీసే మిషను, వరి నూర్చే యంత్రం, మోటారు బెల్టు, కోతమిల్లు రంపం, ఇవన్నీ వేళ్ళకు శత్రువులే. మోటారు సైకిలుకు స్టాండు వేసి, చక్రం తిప్పుతూ గుడ్డతో గొలుసు తుడవడం మీరు చూసే ఉంటారు. చాలా ఇళ్ళల్లో ఆ పని మీ వయసు పిల్లలకే అప్పగిస్తారు. గొలుసుకూ పళ్ళచక్రానికీ మధ్య వేలు పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. (ఇంజను ఆపి తుడవండి, చక్రాన్ని చేత్తో కూడా వేగంగా తిప్పకండి.) తెగిన వేలిని తిరిగి అతికించే శస్త్రచికిత్స అన్నిచోట్లా జరగదు. అందుకు ప్రత్యేకంగా శిక్షణ పొందిన డాక్టర్లు, పెద్ద సూక్ష్మదర్శిని ఉన్న ఆసుపత్రి కావాలి. నెమలి నుంచి విజయవాడ చేరడానికి రెండు గంటలు తక్కువ కాదు. బండి దొరికేసరికి, తిరువూరులో ఆగి రక్తం ఆపించుకునేసరికి, పట్నంలో సరైన ఆసుపత్రి పట్టుకునేసరికి నాలుగైదు గంటలు ఇట్టే గడిచిపోతాయి. ఆ నాలుగైదు గంటల్లో వేలు ఏ స్థితిలో ఉందన్నదాని మీదే తరువాతి కథంతా ఆధారపడి ఉంటుంది.

కోటలో ధాన్యం

జీవకణం ఏ పని చెయ్యాలన్నా శక్తి కావాలి. ఆ శక్తిని చిల్లర డబ్బులా అందించే పదార్థం ఒకటుంది. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఏటీపీ. దీన్ని 1929లో కండరాల నుంచి వేరు చేసి చూపినవారిలో ఒకరు మన తెలుగువాడే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరంలో, హార్వర్డు వైద్య పాఠశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ పని చేశాడు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టాడు. అంతకు రెండేళ్ళ ముందే, 1927లో, ఫిస్కే, సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే మరో పదార్థం ఉన్నట్టు కనుగొన్నారు. ఏటీపీ చేతిలో చిల్లర అయితే ఫాస్ఫోక్రియాటిన్ పెట్టెలో దాచుకున్న సొమ్ము. చిల్లర తరిగినకొద్దీ కండరం ఆ పెట్టె తెరిచి పూడ్చుకుంటూ ఉంటుంది.

రక్తం అందినంతకాలం ఆక్సిజనూ, గ్లూకోజూ వస్తూ ఉంటాయి, ఏటీపీ తయారవుతూ ఉంటుంది. రక్తం ఆగిందా, పెట్టెలోని సొమ్ము ముందు ఖర్చవుతుంది. తరువాత కణం ఆక్సిజను లేకుండానే గ్లూకోజును విరగ్గొట్టి కాస్త శక్తి సంపాదిస్తుంది, కాని ఆ దారిలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది. చివరకు ఏటీపీ కూడా అడుగంటుతుంది. అప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. ప్రతి కణం గోడలోనూ చిన్న చిన్న పంపులు ఉంటాయి. లోపలికి చొరబడే సోడియంను ఎప్పటికప్పుడు బయటికి తోడెయ్యడం వాటి పని. కరెంటు పోతే బోరు మోటారు ఆగినట్టు ఏటీపీ లేకపోతే ఈ పంపులు ఆగిపోతాయి. సోడియం లోపలికి వస్తుంది, దాని వెంట నీరు వస్తుంది, కణం ఉబ్బుతుంది, కాల్షియం కూడా జొరబడి లోపలి నిర్మాణాన్ని పాడు చేస్తుంది. రక్తనాళాల లోపలి పొర కణాలు కూడా ఇలాగే ఉబ్బుతాయి. అప్పుడు డాక్టరు నాళాన్ని ఎంత నేర్పుగా కుట్టినా, లోపలి సన్నని కేశనాళికల్లో దారి మూసుకుపోయి ఉంటుంది కాబట్టి రక్తం ముందుకు సాగదు.

కోసిన కోడి కాసేపటికి బిర్రబిగుసుకుపోవడం చూశారా? కండరాల్లో ఏటీపీ అయిపోయిందనడానికి అదే గుర్తు. కండరం బిగుసుకోవడానికే కాదు, సడలడానికి కూడా ఏటీపీ కావాలి మరి.

వేలికి కండ లేదు

ఇప్పుడు చిన్న ప్రయోగం. ఎడమ చేత్తో కుడి ముంజేతిని మోచేతికి కాస్త కింద పట్టుకోండి. కుడిచేతి వేళ్ళను వీణ వాయిస్తున్నట్టు గబగబా ఆడించండి. ఎడమ అరచేతి కింద ఏదో కదులుతోంది కదా! ఆడుతున్నవి వేళ్ళు, కదులుతున్నవి ముంజేతి కండరాలు. తోలుబొమ్మలాటలో బొమ్మ తెర ముందు ఆడుతుంది, ఆడించేవాడు తెర వెనక ఉంటాడు. మన వేళ్ళు కూడా బొమ్మలే. వాటిని ఆడించే కండరాలు ముంజేతిలోనూ అరచేతిలోనూ ఉన్నాయి. స్నాయువులనే గట్టి తాళ్ళు అక్కడి నుంచి వేలి ఎముకల దాకా వచ్చి లాగుతూ ఉంటాయి. వేలిలో ఎముక, తాళ్ళు, చర్మం, కొవ్వు, నాడులు, రక్తనాళాలు ఉన్నాయి గాని కండరం లేదు.

ఇది తమాషా విషయంగా కనిపిస్తుంది గాని ప్రాణం నిలబెట్టే సంగతి ఇదే. శరీరంలో శక్తిని దండిగా ఖర్చు చేసేది కండరం. అది ఆకలికి తట్టుకోలేదు. ఎముక, చర్మం, స్నాయువు మితంగా బతుకుతాయి. అందుకే తెగిన వేలు మామూలు వేడిమిలో సుమారు 12 గంటలు, చల్లగా ఉంచితే 24 గంటల దాకా ఓర్చుకుంటుందని డాక్టర్లు లెక్క వేసుకుంటారు. మోచేతి దగ్గరో, భుజం దగ్గరో తెగిన చెయ్యి అలా కాదు. దాని నిండా కండరమే. చల్లబరచకపోతే దాని గడువు సుమారు 6 గంటలు, చల్లబరిస్తే 10 నుంచి 12 గంటలు. ఆ గడువు దాటాక అతికిస్తే మరో ప్రమాదం ఉంది. చచ్చిన కండరంలోని పొటాషియం, మయోగ్లోబిన్ రక్తంలో కొట్టుకువచ్చి గుండెనూ, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. చెయ్యి కోసం మనిషి ప్రాణం పోగొట్టుకోకూడదు కాబట్టి డాక్టర్లు ఒక్కొక్కప్పుడు మనసు రాయి చేసుకుని "వద్దు" అంటారు.

ఇంకొక మాట. ఈ గడువులు మామూలు వేడిమికి చెప్పినవి. మన రోహిణీకార్తె సంగతి వేరు. శరీరం వేడి 37 డిగ్రీలు. వసారాలో 42 డిగ్రీలు ఉన్న రోజున తెగిన వేలు చల్లబడడం మాట అటుంచి ఇంకా వేడెక్కుతుంది. చెమట పట్టి చల్లబడడానికి దానికి రక్తం లేదు కదా!

పిండి పులిసే లెక్క

మీ అమ్మగారు ఇడ్లీపిండి రుబ్బి రాత్రి వంటింట్లో ఉంచితే, ఎండాకాలంలో తెల్లారేసరికి పులిసి గిన్నె దాటి పొంగుతుంది. సంక్రాంతి చలిలో అదే పిండి పులవడానికి పొద్దెక్కుతుంది. ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులైనా అంతగా పులవదు. పిండి అదే, సూక్ష్మజీవులు అవే, మారింది వేడి ఒక్కటే. జీవుల్లో జరిగే రసాయన చర్యలను నడిపించేవి ఎంజైములు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఈ చర్యల వేగం సుమారు సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. ఉష్ణోగ్రతకూ రసాయన చర్య వేగానికీ ఉన్న ఈ సంబంధాన్ని పరిశీలించినవారిలో డచ్చి దేశపు వాంట్ హాఫ్ ముఖ్యుడు. రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో ఆయనకే ఇచ్చారు.

మరి మీరే లెక్క కట్టండి. వేలు 37 డిగ్రీల నుంచి 7 డిగ్రీలకు చల్లబడిందనుకుందాం. మూడు పదులు తగ్గింది. ప్రతి పదికీ సగమైతే సగంలో సగంలో సగం, అంటే ఎనిమిదో వంతు. కోటలో జనం ఎనిమిదో వంతు తిండితో సరిపెట్టుకుంటున్నారన్నమాట! ఆ లెక్కన గడువు ఎనిమిది రెట్లు పెరగాలి. కాని శరీరం లెక్కల పుస్తకం కాదు. చలి వల్ల కూడా కణాలకు కొంత చెరుపు ఉంది, పంపులు చలిలో మందగిస్తాయి. అందుచేత డాక్టర్లు సుమారు రెండింతలే నమ్ముకుంటారు. అయినా లెక్కను మించిన కేసులూ ఉన్నాయి. తైవాన్‌లో ఫూ-చాన్ వేయ్ అనే శస్త్రవైద్యుడు, ఆయన సహచరులు 1988లో ప్రకటించిన ఒక కేసులో ఒకే మనిషి మూడు వేళ్ళను 84, 86, 94 గంటలు చల్లగా ఉంచిన తరువాత అతికించగలిగారు. 94 గంటలంటే దాదాపు నాలుగు రోజులు!

అయితే ఐసుగడ్డల్లో పాతేద్దామా?

చాలామంది చేసే పని అదే, చేటు కూడా అదే. ఒక టమాటాను రెండుగా కోసి ఒక ముక్క ఫ్రిజ్‌లో కింది అరలో, ఇంకో ముక్క పైన మంచు కట్టే అరలో పెట్టండి. మర్నాడు రెండూ బయట పెట్టి గంటాగి చూడండి. కింది ముక్క గట్టిగానే ఉంటుంది. పైది మెత్తబడి నీరు కారిపోతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తుందని, సూదుల్లాంటి స్ఫటికాలు ఏర్పడతాయని చదువుకున్నారు కదా. ఆ స్ఫటికాలు కణాల గోడలను చీల్చేస్తాయి. ఐసుకు నేరుగా తగిలిన వేలికీ ఈ గతే పట్టవచ్చు. చల్లబడాలి, గడ్డకట్టకూడదు.

ఈ రహస్యం మీ ఊరి ఆరోగ్య కార్యకర్తకు బాగా తెలుసు. టీకాలు తెచ్చే నీలం డబ్బాను చూశారా? అందులో పెట్టే ఐసు ప్యాకులను ఆమె ఫ్రీజరు నుంచి తీసిన వెంటనే డబ్బాలో పెట్టదు. కాసేపు బయట ఉంచి, వాటికి చెమట పట్టాక, చెవి దగ్గర ఊపి లోపల నీళ్ళ చప్పుడు వినిపించాకే పెడుతుంది. ఎందుకంటే కోరింత దగ్గు, ధనుర్వాతం మొదలైన వాటి టీకాలు గడ్డకడితే పాడైపోతాయి. వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఐసు సగం కరిగి నీళ్ళతో కలిసి ఉన్నంతసేపు దాని ఉష్ణోగ్రత సున్నా దగ్గరే నిలిచి ఉంటుంది. ఫ్రీజరులోంచి అప్పుడే తీసిన గడ్డ అంతకన్నా ఎంతో చల్లగా ఉంటుంది. తెగిన వేలికీ ఐసూ నీళ్ళూ కలిసినదే కావాలి. అందులో ఉప్పు మాత్రం వెయ్యకూడదు. ఉప్పు వేస్తే ఐసు సున్నా కంటే కిందికి దిగుతుంది.

ఐసులో పాతకూడదు, నీళ్ళలో వెయ్యకూడదు కూడా. బట్టలు ఉతికిన చేతి వేళ్ళు ఎలా నానిపోతాయో మీకు తెలుసు. తెగిన వేలికి కోసిన వైపు తలుపులు బార్లా తెరిచి ఉంటాయి, నీరు కణాల్లోకి ఎక్కి నాళాలు ఉబ్బి కుట్టడానికి పనికిరాకుండా పోతాయి. కాబట్టి వేలికి అంటిన మట్టిని మంచినీళ్ళతో ఒక్కసారి మెల్లగా కడిగి, రుద్దకుండా, శుభ్రమైన గుడ్డను తడిపి బాగా పిండి అందులో చుట్టాలి. దగ్గరలో సెలైను ఉంటే దానితో తడపడం మరీ మంచిది. ఆ పొట్లాన్ని నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించాలి. ఆ సంచిని సగం ఐసు, సగం నీళ్ళు ఉన్న ఇంకో సంచిలోనో, క్యానులోనో ఉంచాలి. ఐసుకు ఊళ్ళో కొదవ లేదు. కూల్‌డ్రింకుల కొట్టు, చెరకు రసం బండి, చేపలవాళ్ళ థర్మోకోల్ పెట్టె, ఇళ్ళల్లో ఫ్రిజ్‌లు ఉన్నాయి. సంచి మీద దెబ్బ తగిలిన టైము రాయండి, డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. నలిగిపోయిన ముక్కనైనా పారెయ్యకండి. వేలు అతకకపోయినా దాని చర్మం పనికిరావచ్చు. చర్మం పోగుతో వేలాడుతున్న వేలిని తెంపకండి. ఆ పోగులోనే సన్నని రక్తనాళం ఉండవచ్చు. పసుపు, కాఫీపొడి, బూడిద, కిరసనాయిలు వంటివేవీ దగ్గరికి రానివ్వకండి.

మరి మనిషి సంగతో?

వేలి కోసం హడావిడి పడి మనిషిని మరిచిపోయే ప్రమాదం ఉంది. ముందు మనిషి, తరువాతే వేలు. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టి, చేతిని గుండె కన్నా ఎత్తులో ఉంచితే వేలి గాయాల్లో చాలావరకు రక్తం ఆగుతుంది. నిమిషానికోసారి గుడ్డ తీసి చూడకండి. ఎంత నొక్కినా ఆగకుండా చెయ్యో కాలో నుంచి రక్తం చిమ్ముతుంటే గాయానికి పైన వెడల్పాటి గుడ్డతో బిగించి కట్టి ఆ టైము కూడా రాయాలి. ఇది పెద్దవాళ్ళు చెయ్యవలసిన పని. 108కి ఫోను చెయ్యాలి. ఆపరేషను ఉండవచ్చు కాబట్టి తిండి పెట్టకూడదు, దాహమంటే పెదవులు తడిపితే చాలు.

వేలిని చల్లగా ఉంచాలంటే మనిషిని కూడా చల్లబరచవచ్చని కొందరు అనుకుంటారు. అది పెద్ద పొరపాటు. రక్తం గడ్డకట్టడం అంటే డజను పైగా ప్రోటీన్లు ఒకదాన్నొకటి మేల్కొల్పుతూ సాగే చర్య, అందులో చాలావరకు ఎంజైములే. ఇడ్లీపిండి సూత్రం వాటికీ వర్తిస్తుంది! ఒళ్ళు చల్లబడితే అవీ నెమ్మదిస్తాయి, రక్తం ఆగదు. వేలిని కాపాడే సూత్రమే మనిషిని ముంచేస్తుంది. అందుకే వేలు ఐసు సంచిలో, మనిషి దుప్పటిలో ప్రయాణం చెయ్యాలి.

చల్లదనం అన్నిటికీ మందు కాదు. 1950లలో అమెరికాలో పాముకాటుకు కట్టుకట్టి కాలిని ఐసులో పెట్టే పద్ధతి ఒకటి ప్రచారంలోకి వచ్చింది. విషం నెమ్మదిస్తుందని ఆశ. చివరికి ఐసు వల్లే కాళ్ళూ వేళ్ళూ కుళ్ళి తీసెయ్యవలసి వచ్చింది, పద్ధతి మూలపడింది. పాముకాటుకు ఐసు వద్దు, కోత వద్దు, కాలు కదలకుండా ఉంచి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. ఒళ్ళు కాలితే కుళాయి నీళ్ళు 20 నిమిషాలు ధారగా పొయ్యాలి, అక్కడా ఐసు వద్దు.

అతికిన చేతులు

యుద్ధరంగంలో చలి మహిమను గమనించినవాడు నెపోలియన్ సేనల శస్త్రవైద్యుడు లార్రే. 1807 చలికాలంలో జరిగిన ఐలావ్ యుద్ధంలో, గడ్డకట్టే చలికి మొద్దుబారిన కాళ్ళను కోస్తే సైనికులకు నొప్పి పెద్దగా తెలియలేదని ఆయన రాశాడు. 1940 ప్రాంతంలో న్యూయార్క్‌లో ఫ్రెడరిక్ అల్లెన్ వృద్ధుల కుళ్ళిన కాళ్ళను ఐసులో ఉంచి, మత్తు లేకుండా తీసెయ్యడాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఇవన్నీ తీసెయ్యడానికి పనికొచ్చిన చల్లదనాలు. అతికించడం తరువాతి మాట.

ఆ మాట 1962 మే 23న బోస్టన్‌లో నిజమైంది. సరకు రైలు ఎక్కబోయిన 12 ఏళ్ళ కుర్రవాడి కుడిచెయ్యి భుజం దగ్గర తెగిపోయింది. మాసచూసెట్స్ జనరల్ ఆసుపత్రిలో రొనాల్డ్ మాల్ట్ అనే యువ వైద్యుడు, ఆయన బృందం ఆ చేతిని ఐసు మీద ఉంచి, నాళాలు కడిగి, తిరిగి అతికించారు. మరుసటి ఏడాది, 1963లో, షాంఘైలో చెన్ జోంగ్‌వేయ్ యంత్రంలో తెగిన ఒక కార్మికుడి చేతిని అతికించాడు. వేలు ఇంకా కష్టం, దాని రక్తనాళం ఒక మిల్లీమీటరే. 1965లో జపానులోని నారాలో కొమత్సు, తమాయ్ సూక్ష్మదర్శిని కింద పూర్తిగా తెగిన బొటనవేలిని అతికించగలిగారు. ఇప్పుడు వాడే దారం తలవెంట్రుకలో సగం మందం కూడా ఉండదు. మన పొరుగున, తెలుగువాళ్ళు తరతరాలుగా స్థిరపడ్డ కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రి ఈ రకం శస్త్రచికిత్సకు పేరు పొందింది. మిల్లుల ఊరు కదా, చేతుల గాయాలకు లోటులేదు.

ఐసు పెట్టె ప్రయాణం వేళ్ళకే పరిమితం కాదు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఒక దాత గుండెను నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రో రైలులో 21 కిలోమీటర్లు అరగంట లోపే చేర్చారు. మధ్యలో ఎక్కడా ఆపలేదు. గుండె కండరమే కాబట్టి ఐసు పెట్టెలో చల్లగా ఉంచినా సాధారణంగా నాలుగు గంటలకు మించి ఆపరు. మూత్రపిండం ఒక రోజు దాటి ఆగుతుంది.

ఆపరేషనులో సాధారణంగా ముందు ఎముకను తీగలతో బిగిస్తారు, తరువాత స్నాయువులు, ధమనులు, సిరలు, నాడులు కుడతారు. ధమని బిగింపు వదలగానే తెల్లగా పాలిపోయిన వేలు గులాబీ రంగుకు తిరుగుతుంది. అతికిన వేలిలోకి రక్తం వస్తుంది గాని, సన్నని సిరలు కుట్టడం కుదరక బయటికి పోలేక వేలు నీలంగా ఉబ్బడం కూడా ఉంది. అప్పుడు డాక్టరు పిలిచేది ఎవరినో ఊహించండి. జలగను! అది రక్తం పీల్చడమే కాక, గడ్డకట్టనివ్వని హిరుడిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. అది వదిలేశాక కూడా గంటల తరబడి రక్తం మెల్లగా కారుతూ ఉబ్బు తగ్గుతుంది. 1985లో బోస్టన్‌లోనే జోసెఫ్ అప్టన్ అనే వైద్యుడు కుక్క కొరికి తెగిన ఒక పసివాడి చెవిని అతికించి, జలగల సాయంతో నిలబెట్టాడు. (చెరువులో జలగలు పనికిరావు, శుభ్రంగా పెంచినవే వాడతారు.)

ఇక నాడులు. కుట్టిన నాడి వెంటనే పని చెయ్యదు. కోసిన చోటి నుంచి లోపలి తంతువులు మళ్ళీ మొలిచి, పాత గొట్టాల్లోంచి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ముందుకు పెరుగుతాయి. ఒక స్కేలు తీసుకుని మీ చూపుడువేలి మొదలు నుంచి కొస దాకా కొలిచి చూడండి, స్పర్శ తిరిగి రావడానికి ఎన్ని రోజులో తెలుస్తుంది. బోస్టన్ కుర్రవాడి చేతి నాడులను కొన్ని నెలలు ఆగి కుట్టారు. మీ భుజం నుంచి వేలి కొస దాకా కూడా కొలిచి, అతని వేలి కొసకు స్పర్శ చేరడానికి ఎంతకాలం పట్టేదో లెక్క కట్టండి.